తాతని ఒళ్లో పెట్టుకుని మిషిగన్ సిటీకి

నేపర్‌విల్ నుంచి మిషిగన్ సిటీకి వెళదామనుకునే యాత్రికులు ముందుగా గ్రహించవలసిన సత్యం ఒకటుంది. మిషిగన్ సిటీ మిషిగన్‌లో లేదు, ఇండియానాలో ఉంది. మిషిగన్‌లో రెండేళ్లుగా ఎమ్మెస్ వెలగబెడుతున్న నాకే ఈ సంగతి మొన్న 1984 ఫిబ్రవరి దాకా తెలియదు. ఆ నెలలో ఒక శనివారం మా తాతని దిండు గలీబులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆ ఊరు వెళ్లొచ్చాను. తాత అంటే తాత ఫొటో. అసలు తాతని మా ఇంట్లో నాయనమ్మ ఒక్కతే సరిగా చూసింది. మా నాన్న కూడా చూశాడు గానీ అప్పటికి ఆయన వయసు ఏడాది, సాక్ష్యానికి పనికిరాడు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో చెప్పాలంటే మా అన్నయ్యగారి లివింగ్ రూమ్‌లోంచి మొదలుపెట్టాలి. సోఫా తీసేసి అక్కడ నాయనమ్మకి మంచం వేశారు. ఆవిడకి ఎనభై. లివర్‌లో మొదలైంది, చాలా చోట్లకి పాకింది. హాస్పిటల్ వాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు, ఇక వారాల్లోనే అన్నారు. ఎదురు గోడ మీద, టీవీకి పైన, గంధపు చెక్క దండతో తాత. కాకినాడ నుంచి ఈ ఇంటికి వచ్చిన సామానులో పగలకుండా చేరిన గాజు వస్తువు ఆ ఫ్రేమ్ ఒక్కటే.

తాత 1921లో కాకినాడ రేవులో ఓడెక్కాడు. కలాసీ పని. ఆయనకి ఇరవై, నాయనమ్మకి పదిహేడు. రంగూన్ నుంచి ఒక కార్డు రాశాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఎక్కడో ఓడ దిగి మళ్లీ ఎక్కలేదని తోటి కలాసీలు చెప్పారు. అంతే. మావాళ్లలో పన్నెండేళ్లు జాడ తెలియని మనిషిని పోయినవాడి కిందే జమకడతారు. దర్భలతో మనిషి బొమ్మ కట్టి, కొడుకు చేత కొరివి పెట్టిస్తారు. 1933లో అలా పెట్టించారు. కొరివి పట్టుకున్న మా నాన్నకి పదమూడేళ్లు. అదే రోజు నాయనమ్మకి బొట్టు తుడిచారు, గాజులు పగలగొట్టారు. ఆవిడకి ఇరవై తొమ్మిది.

ఆ తర్వాత రెండు మూడేళ్లకి పెద్దతాత, అంటే తాతకి అన్నగారు, ఒక ఫొటో ఫ్రేమ్ కట్టించి ఇంటికి తెచ్చాడు. ఎవరో కలాసీ తెచ్చి ఇచ్చాడనీ, తమ్ముడు అక్కడికి వెళ్లిన కొత్తలో తీయించుకున్నదనీ, ఇన్నాళ్లకి చేతికందిందనీ చెప్పి, తనే దండ వేసి గోడకి కొట్టాడు. ఇంటికి పెద్ద, ఆయన చెప్పిందే వేదం. కానీ నాయనమ్మకి మొదటి రోజే ఒక అనుమానం వచ్చింది. ఓడెక్కిన రోజున ఆయనకి మీసమే నూనూగుగా ఉంది. ఫొటోలో చెవుల దగ్గర జుట్టు నెరిసి ఉంది. ఆ మాట అడిగితే పెద్దతాత అది నెరుపు కాదు, ఫొటోకి పట్టిన బూజు అన్నాడట. నాయనమ్మ దాదాపు యాభై ఏళ్లుగా ప్రతి శుక్రవారం ఆ అద్దం తుడుస్తోంది. ఆ బూజు పోలేదు.

ఫొటోలో తాత నడుము దాకానే కనిపిస్తాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో సీసా. ఆయనకి అటొకడు ఇటొకడు తెల్లవాళ్లు, సగం సగం కత్తిరించబడి. వాళ్ల చొక్కాలకి గుండీలు లేవు, బూట్లకి కట్టినట్టు మెడ నుంచి పొట్ట దాకా తాళ్లు. ఈ తాళ్ల గురించి మా వంశంలో మూడు సిద్ధాంతాలుండేవి: సర్కస్, సైన్యం, పిచ్చాసుపత్రి. మూడోది నాది. మొన్న జనవరిలో వదినతో పాటు హాస్పిటల్‌లో పనిచేసే నర్సు ప్యాట్ అనే ఆవిడ నాయనమ్మని చూడటానికి వచ్చి, గోడ వైపు చూసి, "ఇవి ఫుట్‌బాల్ చొక్కాలు కదా" అంది. వాళ్లమ్మ ఆస్ట్రేలియా మనిషట. అక్కడి ఫుట్‌బాల్ వేరట, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడతారట, వాళ్లమ్మ దగ్గర ఇలాంటి ఫొటోలు ఆల్బమ్ నిండా ఉన్నాయట. ఏ ఫొటో ఏ ఏడాదిదో చొక్కా చూసి చెప్పేస్తుందట.

ఆ మాట నాయనమ్మ చెవిన పడింది. నేను వీకెండ్‌కి వచ్చేదాకా ఆగి నన్ను దగ్గరికి పిలిచింది. "చిన్నోడా, ఇది ఏ ఏడు తీసిందో కనుక్కుని రా. ముప్పై మూడుకి ముందా, వెనకా? అంతే." అన్నయ్యని పంపరాదా అన్నాను, వాడికి కారుంది, నాకు బస్సు పాసు కూడా లేదు. ఆవిడ నా గడ్డం పట్టుకుని చెప్పింది. "వాడు అబద్ధమాడితే నాకు తెలీదు. నువ్వాడితే నీ మూతి ఎడమ పక్కకి నవ్వుతుంది. పుట్టినప్పటి నుంచీ అంతే." ఇంతవరకూ నాకెవరూ ఇవ్వని యోగ్యతాపత్రం అది.

శనివారం పొద్దున నాన్న నన్ను కారులో నేపర్‌విల్ స్టేషన్‌కి తీసుకెళ్లాడు. అరవై దాటాక అమెరికా వచ్చి డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి, ఫిబ్రవరి మంచులో ఆయన పక్కన కూర్చోవడమే ఒక యాత్ర. స్టేషన్ ముందు ఇంజన్ ఆపకుండా, అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "ఒరేయ్, తేలకపోతే తేలలేదని చెప్పు. తేలినా తేలలేదనే చెప్పు." సరేనన్నాను. మా నాన్న ఏటా అదే తిథికి తద్దినం పెడతాడు. కాకినాడలో పెట్టాడు, ఇక్కడికొచ్చాక మంచు కురుస్తుంటే గరాజ్‌లో ఓవర్‌కోట్ మీద పైపంచె కప్పుకుని పెట్టాడు. ఆయన అడుగుతున్నది వాళ్లమ్మ కోసం మాత్రమే కాదని నాకు ట్రైన్ కదిలాక తెలిసింది.

ఇక దారి. శనివారాలు ట్రైన్‌లు తక్కువ, కాబట్టి పొద్దున ఏడున్నర ప్రాంతంలో ఉండేదాన్ని వదలకండి. ముప్పావుగంట, గంట మధ్యలో షికాగో చేరుస్తుంది. అక్కడ అసలు కిటుకుంది: ఇండియానా వైపు వెళ్లే ఎలక్ట్రిక్ రైలు ఆ స్టేషన్‌లో ఎక్కడానికి లేదు. ఊరి మధ్యలోంచి తూర్పుకి, సరస్సు వైపు, ఇరవై నిమిషాలు నడిచి ర్యాండాల్ఫ్ వీధి కింద నేలమాళిగ లాంటి స్టేషన్‌లోకి దిగాలి. ఆ ఇరవై నిమిషాలూ గాలి ఎదురొస్తుంది. నేను తాతని కోటు లోపల గుండెకి ఆనించి నడిచాను. గుండె వెచ్చగానే ఉంది, చెవులు మాత్రం ఇప్పటికీ నావి కానట్టే ఉన్నాయి. టోపీ తెచ్చుకోండి. టికెట్‌కి ఐదు డాలర్ల నోటు ఇస్తే చిల్లర తిరిగొచ్చింది.

రైల్లో కండక్టర్ నల్లజాతి పెద్దమనిషి, నా ఒళ్లో గలీబు వైపు చూసి అందులో ఎవరని అడిగాడు. మా తాత అన్నాను. ఆయన "కుండలో ఉన్నాడా, ఫ్రేమ్‌లోనా?" అన్నాడు. ఫ్రేమ్‌లో అన్నాను. అయితే టికెట్ అక్కర్లేదన్నాడు. కుండలో ఉంటే కావాలా అని నేనడగలేదు, కొన్ని రూల్స్ తెలుసుకోకపోవడమే మంచిది. తర్వాత ఆయనే కిటికీ బయట చూపించాడు. గ్యారీ ఊరొచ్చింది. మైళ్ల పొడవునా ఉక్కు ఫ్యాక్టరీలు, నూరు గొట్టాలుంటే పొగ వస్తున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తన అన్నదమ్ములిద్దరూ అందులో పని పోయి ఇంట్లో కూర్చున్నారట. "వాళ్లు బతికే ఉన్నారు గానీ, వాళ్లావిడలు మాత్రం పోయినట్టే మాట్లాడతారు" అన్నాడు. నేను దానికి ఒక జోకు తయారుచేసుకున్నాను గానీ నోట్లోంచి రాలేదు.

సుమారు గంటా నలభై నిమిషాలకి మిషిగన్ సిటీ. ఇక్కడ రైలుకి ప్రత్యేకంగా దారేమీ లేదు, నడివీధిలో ఇళ్ల ముందు నుంచి రిక్షాలాగా పోతుంది. ప్యాట్ వాళ్లమ్మ డోరతీ ఇల్లు ఆ వీధిలోనే. రైలు పోయినప్పుడల్లా ఆవిడ అల్మారాలో కప్పులన్నీ కలిసి గలగలమంటాయి. ఆవిడ అరవై దాటిన మనిషి, సన్నగా, వెదురుకర్రలా ఉంది. యుద్ధంలో వాళ్ల దేశానికొచ్చిన అమెరికా సిపాయిని పెళ్లాడి ఓడెక్కి వచ్చిందట, అతను పోయి ఆరేళ్లట. టీ ఇచ్చింది, రొట్టె మీద నల్లగా తారు లాంటిది రాసి ఇచ్చింది. అది తినే పదార్థమేనని ఆవిడే ముందు కొరికి చూపించింది. మీకిస్తే పల్చగా రాయమనండి.

ఆవిడ తండ్రి ఏదో పల్లెటూరి టీమ్‌కి సెక్రెటరీ. టీమ్ చొక్కాలన్నీ ఉతికింది ఆవిడా, వాళ్లమ్మా. ఆల్బమ్ తెరిచి, ఒక్కో పేజీ మీద వేలు పెట్టి, చదువు చెప్పినట్టు చెప్పింది. తాళ్ల చొక్కాలు పాతవి. గట్టి గుడ్డతో కుట్టేవారు, ఎదుటివాడు పట్టుకుందామన్నా జారిపోయేలా. తర్వాత చేతుల్లేని ఉన్ని చొక్కాలొచ్చాయి, తర్వాత వీపు మీద నంబర్లు. నిక్కర్లు మోకాళ్ల కింద నుంచి ఏడాదికింత పైకి పాకాయి. అలా చొక్కానీ నిక్కరునీ చూసి కాలం చెప్పొచ్చట. మన పెళ్లి ఫొటోల్లో జాకెట్ చేతుల పొడవు చూసి మా అత్తలు చెప్పే శాస్త్రమే ఇది.

తాతని బల్ల మీద పెట్టాను. ఆవిడ భూతద్దం తీసుకుని ముందు తువ్వాలునీ సీసానీ చూసింది. ఈయన ఆటగాడు కాదు, ఆటగాళ్ల కాళ్లకి నూనె రాసి మర్దనా చేసే మనిషి అంది. తర్వాత పక్కవాళ్ల తాళ్లు చూసింది. తాళ్ల చొక్కాలు కాబట్టి చాలా పాతదే, పంతొమ్మిది వందల ఇరవైల మొదట్లోది అయుండొచ్చు అంది.

నా గుండెల మీంచి ఎవరో లేచి వెళ్లినట్టయింది. ముప్పై మూడుకి ముందే. పెద్దతాత నిజమే చెప్పాడు, నెరుపు బూజే, నాన్న పెట్టిన కొరివి పద్ధతి ప్రకారమే. మూడు గంటల రైలుకి బోలెడంత టైముంది. తారు రొట్టె ఇంకోటి కూడా తింటానన్నాను. అంత ఆనందం.

డోరతీ మాత్రం భూతద్దం దించలేదు. పెద్ద ఊళ్ల టీమ్‌లు వదిలేసిన చొక్కాలు పల్లెటూళ్లకి వచ్చేవట, కరువు రోజుల్లో వాళ్ల ఊళ్లో పదేళ్ల పాతవి కూడా తొడుక్కున్నారట, కాబట్టి చొక్కా ఒక్కదాన్నీ నమ్మకూడదంది. "బంతేది?" అని అడిగింది. ఏ టీమ్ ఫొటోలోనైనా ముందు వరసలో నేల మీద బంతి పెడతారట, దాని మీద సున్నంతో ఆ ఏడాది రాస్తారట. ఆవిడ ఆల్బమ్‌లో అన్నింట్లోనూ ఉంది. తాత ఫొటోలో నేలే లేదన్నాను. ఆవిడ ఫ్రేమ్‌ని చేత్తో ఎత్తి, పక్కకి తిప్పి చూసింది.

"ఒక్క ఫొటోకి ఇంత లావేమిటి, బాబూ?"

ఇక్కడ నేను లేచి కోటు వేసుకుని ఉండొచ్చు. నాకు కావలసిన జవాబు నా దగ్గరుంది. ఎందుకు లేవలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వెన్న రాసే చాకుతో ఆవిడ వెనకనున్న మేకులు ఒక్కొక్కటే వంచుతుంటే, ఫ్రేమ్ జారకుండా పట్టుకున్నది నేనే. అట్ట ఊడింది. దాని కింద తెలుగు పేపరు ముక్క, దాని కింద రెండు మడతలు పెట్టిన ఫొటో. తాతని కత్తిరించగా మిగిలిన ఫొటో.

మన ఇళ్లలో మనిషి ఫొటో చింపరు. పాత క్యాలెండర్‌లో దేవుడినైనా కాలవలో వదులుతాం గానీ చెత్తబుట్టలో వెయ్యం. పెద్దతాత యాభై ఏళ్ల పాటు నిలబడే అబద్ధమాడగలిగాడు గానీ ఆ ముక్క చింపలేకపోయాడు. ఆ తెల్లవాళ్లెవరో ఆయనకి తెలియదు, అయినా చింపలేదు. మడిచి, తమ్ముడి వీపు వెనకే పెట్టి మేకులు కొట్టించాడు. పోయాడనుకున్న మనిషి తిరిగొస్తే ఏం చేయాలో శాస్త్రంలో ఉందట. ఫొటో తిరిగొస్తే ఏం చేయాలో లేదు. ఆయనకి తోచింది ఆయన చేశాడు.

మడత విప్పాం. ముందు వరసలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఐదుగురి మధ్య బంతి. సున్నం అక్షరాలు గుండ్రంగా, తీరిగ్గా రాసినవి. 1935. అడుగున అందరి పేర్లూ అచ్చు వేసున్నాయి, ఇంటిపేర్లతో సహా. చివర్న, ట్రైనర్: చార్లీ. మా తాత పేరు సూర్యనారాయణ.

డోరతీకి ముప్పై మూడు సంగతి నేనప్పుడు చెప్పాను. వీధిలో రైలు పోయింది, కప్పులన్నీ మోగాయి. అవి ఆగాక ఆవిడ ఒకటే అడిగింది, ఇంట్లో ఎదురుచూస్తున్నావిడకి ఎన్నేళ్లని.

తిరుగు రైల్లో నేను సాధన చేశాను. కిటికీ అద్దంలో నా మొహం చూసుకుంటూ, "తేలలేదు నాయనమ్మా" అని ముప్పై నలభై సార్లు అనుకున్నాను. ఫ్రేమ్‌కి మళ్లీ అట్ట బిగించాను, ఆ రెండో ముక్క నా కోటు లోపలి జేబులో ఉంది. గ్యారీ దగ్గరికొచ్చేసరికి మూతి బాగా లొంగింది. షికాగోలో గాలి ఈసారి వీపు మీద కొట్టింది. నేపర్‌విల్‌లో దిగేసరికి నేను పూర్తి స్థాయి అబద్ధాలకోరుని.

నాన్న స్టేషన్‌కి వచ్చాడు గానీ ఏమీ అడగలేదు. ఇంట్లోకి వెళ్లగానే నేను బూట్లు కూడా విప్పకుండా తాతని గోడకి తగిలించి, దండ సర్ది, ఇటు తిరిగి, సాధన చేసినట్టే అన్నాను. "తేలలేదు నాయనమ్మా. ఆవిడ చాలాసేపు చూసింది, ఏమీ చెప్పలేనంది."

నాయనమ్మ నా మొహం వైపు చూసింది.

"నవ్వావు" అంది.

నాన్న వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. నేను నోరు చేత్తో మూసుకున్నాను, చిన్నప్పుడు దొరికిపోయినప్పుడు చేసినట్టే.

"ఎన్నేళ్లు వెనక?"

"రెండు."

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆవిడకి అంకెలు వచ్చు. ఫొటోని మొహానికి దగ్గరగా పెట్టుకుని ఆ బంతి మీద వేలు పెట్టి, ఒక్కో అంకె మీదా జరుపుతూ చూసింది. అక్కడ ఆయన ఏం పని చేసేవాడని అడిగింది. ఆటగాళ్ల కాళ్లకి నూనె రాసేవాడట అన్నాను. "ఇక్కడున్నన్నాళ్లూ తాగిన చెంబు ఎత్తి పెట్టలేదు" అంది. అది జోకో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మేమెవరం నవ్వలేదు.

నాన్న వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన మోకాళ్లు అలా మడవడానికి ఒప్పుకోవు, అయినా కూర్చున్నాడు. "అమ్మా, కొరివి నేను పెట్టాను" అన్నాడు. నాయనమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది. "నీ చేతిలో పెట్టింది వాళ్లు. నీకు పదమూడేళ్లురా. పొగకి కళ్లు మండి ఏడిస్తే, తండ్రి కోసం ఏడుస్తున్నాడన్నారు." తర్వాత వదినని పిలిచి, రెండు గాజులున్నాయా, మట్టిగాజులు, అని అడిగింది. వదిన నాన్న వైపు చూసింది. నాన్న నేల వైపు చూస్తున్నాడు. వదిన వెళ్లి పెట్టెలోంచి పచ్చవి రెండు తెచ్చింది.

ఆ చేతికి ఏ సైజూ సరిపోదు. రెండూ మోచేతి దాకా జారిపోయాయి. నాయనమ్మ చెయ్యి ఎత్తి పట్టుకుని అవి మోగుతాయేమో చూసింది. బొట్టు అడగలేదు. పెట్టనా అని వదిన అంటే, "రెండేళ్లే కదే, ఇవి చాలు" అంది. తాత మెడలో దండ తీసెయ్యమంది. ఇప్పుడు ఆయన ఎలాగూ ఉండడు కదా అని నాన్న నెమ్మదిగా అన్నాడు. "ఉండడు. ఆ దండ వేసిన రోజుకి ఉన్నాడు" అంది నాయనమ్మ. నాన్నే లేచి తీశాడు.

ఆవిడ ఆ తర్వాత పంతొమ్మిది రోజులుంది. ఫ్యూనరల్ హోమ్ అతను మర్యాదగా, చేతికున్న గాజులు తీసి ఇవ్వమంటారా, ఇంటివాళ్లు సాధారణంగా ఉంచుకుంటారు అని అడిగాడు. అన్నయ్య తీసెయ్యమనబోయాడు. నాన్న అన్నయ్య చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. ఈ ఏడాది తద్దినం తిథి వచ్చి వెళ్లిపోయింది. నాన్న పెట్టలేదు, ఏ రోజున పెట్టాలో తెలియదు కాబట్టి. గరాజ్‌లో ఆ రోజు కారు కడిగాడు, శుభ్రంగా ఉన్న కారునే. తాత ఇప్పుడు గోడ మీద ముందు ముక్కా, వెనక ముక్కా కలిపి ఒకే ఫ్రేమ్‌లో ఉన్నాడు. అతుకు కనిపిస్తుంది. ఫొటో కింద ఆయన పేరు చార్లీ అనే ఉంది, ఫ్రేమ్ మీద నాన్న తెలుగులో సూర్యనారాయణ అని రాయించాడు. రాత్రి హాస్టల్‌లో అద్దం ముందు నిలబడి మొహం తిన్నగా పెట్టి అబద్ధాలాడి చూస్తుంటాను. ఇప్పుడు బాగానే వస్తున్నాయి. చెప్పవలసిన మనిషే లేదు.

వెళ్లేవాళ్లకి ఒక సలహా. మీ ఇంట్లోనూ దండ వేసిన పాత ఫొటో ఉండే ఉంటుంది. ఎవరి దగ్గరికైనా తీసుకెళ్లి చొక్కాలూ నిక్కర్లూ చూపించే ముందు, మీ ఇంట్లోనే ఫ్రేమ్ పక్కకి తిప్పి ఎంత లావుందో చూసుకోండి. మేకులు చాకుతో వంగుతాయి, సుత్తి అక్కర్లేదు. కానీ విప్పే పని ఇంట్లో వాళ్లందరూ ఉన్నప్పుడు పెట్టుకోండి. ఒక్కరే చూసి, అంత దూరం జేబులో పెట్టుకుని ఇంటికి తేకండి.